మీటరు మీది పేరు

"మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు మీ అక్క."

"ముట్టుకోకపోతే మానె. మేడ ఎక్కుతుందా, ఎక్కదా? అది కనుక్కున్నావా?"

లాండ్రీ వెనకగదిలో ఆవిరి యంత్రం పక్కన నిలబడి ఆ భార్యాభర్తలు రహస్యంగానే మాట్లాడుకుంటున్నామనుకున్నారు. ఏళ్ల తరబడి ఆ యంత్రం హోరులో బతికినవాళ్ల రహస్యం మామూలు ఇళ్లలో కేకతో సమానం. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్న అక్కకు ఒక్క అక్షరమూ పొల్లుపోలేదు.

ఆమె మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. పదకొండేళ్ల తరువాత వచ్చింది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విప్పకుండా, ఏ క్షణంలో పిలుపు వస్తే ఆ క్షణంలో లేచిపోవడానికి సిద్ధంగా ఉన్న ప్రయాణికురాలిలా కూర్చుంది.

ఎదురుగా బల్ల ముందు తల్లి ఆసుపత్రి దిండు గలీబులు మడతపెడుతోంది. నాలుగు మూలలూ కలపడం, అరచేత్తో ఒక్కసారి రాయడం, దొంతర మీద వేయడం. ఎనభై ఏళ్లు దగ్గరపడినా ఆ చేతుల్లో తడబాటు లేదు.

"చెప్పులైనా విప్పవే," అంది తల్లి, తల ఎత్తకుండా.

"ఎంతసేపు ఉంటానో తెలియనిచోట విప్పనమ్మా."

"నోరు మాత్రం మారలేదు."

"మీరందరూ కలిసి మార్చలేకపోయింది అదొక్కటే."

తల్లి మరో గలీబు అందుకుంది. 

"ఒక్క ఫోటో," అంది చివరికి. "మేడ మీది ఆ సోలారు పలకల పక్కన ఒక్క నిమిషం నిలబడితే నీ సొమ్మేం పోతుంది? అరిగిపోతావా, కరిగిపోతావా?"

"మొన్న నిలబెట్టారట కదా ఒకర్ని, నా బదులు."

తల్లి పెదవుల చివర చిన్న కదలిక. నవ్వును ఆపుకోవడానికి ఆమె గలీబును కాస్త గట్టిగానే దులిపింది. "వాడి తెలివి అలాగే ఏడ్చింది. పెళ్లానికి నీలాంటి కళ్లజోడు పెట్టి, తలకి తెల్లపౌడరు కొట్టి ఎక్కించాడు. తనిఖీకి వచ్చినాయన నీ గుర్తింపు కార్డు చూశాడు, దీన్ని చూశాడు. 'అమ్మా, మీకు యాభై మూడేళ్లు రావాలంటే ఇంకా పన్నెండేళ్లు పడుతుంది, అప్పుడు పిలవండి' అని దిగిపోయాడు."

"మంచివాడే. కేసు రాయకుండా వదిలేశాడు."

"వదిలేశాడు కాబట్టే నిన్ను పిలిపించాం."

అక్క తల తిప్పి కిటికీ పక్కన గోడకున్న మీటరు పెట్టెను చూసింది. లోపల ఎర్రటి దీపం మినుకుమంటోంది. పెట్టె అద్దానికి అతికించిన కాగితం మీద, పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ పలకని ఆమె పేరు, అచ్చు అక్షరాల్లో ఉంది.

ఆ కనెక్షను ఆమె ఇరవయ్యారో ఏట తీసుకున్నది. విద్యుత్తు ఆఫీసులో ఉద్యోగం దొరికిన కొత్తలో, తండ్రి పోయిన ఏడాదిలో, మేడ మీద రెండు గదులు కట్టించి తన పేరు మీద మీటరు పెట్టించింది. పరువు పోయిందని ఆమెను ఈ ఇంటి నుంచి వెళ్లగొట్టిన తరువాత కూడా బిల్లు ఆ పేరు మీదనే వస్తూ ఉంది. పేరు మార్చాలంటే ఆమె సంతకం కావాలి. సంతకం కావాలంటే ఆమెతో మాట్లాడాలి. మాట్లాడటం కంటే ఆ పేరు చదవకుండా బిల్లు కట్టడమే వాళ్లకు సులువనిపించింది.

ఇప్పుడు ప్రభుత్వం, మేడ మీద సోలారు పెట్టించుకున్నవాళ్లకు ఖర్చులో పెద్ద భాగం తిరిగి ఇస్తానంది. తమ్ముడు ఆవిరి యంత్రాన్నీ రెండు ఆరబెట్టే డ్రమ్ములనూ బ్యాంకుకు తాకట్టు రాసిచ్చి పద్నాలుగు ప్యానెళ్లు బిగించుకున్నాడు. ఆ తరువాత తెలిసింది: రాయితీ మీటరు మీద ఎవరి పేరుందో వాళ్లకే మంజూరవుతుంది. ఆ మనిషే స్వయంగా ప్యానెళ్ల పక్కన కెమెరా ముందు నిలబడాలి. ఈ ఏటి జాబితా ఈ సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. నిలబడకపోతే రాయితీ లేదు. రాయితీ లేకపోతే యంత్రం ఉండదు. యంత్రం లేని లాండ్రీ అంటే మాసిన దుప్పట్లున్న ఒక గది.

ఇదంతా మరదలు ఫోనులో చెప్పినప్పుడు అక్క మధ్యలో అడ్డు తగలకుండా విన్నది. తరువాత, "వస్తాను," అంది. ఆ ఒక్క మాటలో ఎంత ఆకలి ఉందో అవతలివైపుకు తెలిసే వీలు లేదు.

తమ్ముడు లోపలికి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. వచ్చినవాడు అక్క ఎదురుగా కూర్చోలేదు, తల్లి బల్లను ఆనుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు తప్పు చేసిన ప్రతిసారీ అక్కడే నిలబడేవాడు.

"మూడున్నర దాటిందక్కా. ఆయన నాలుగున్నరకి వస్తానన్నాడు."

"రానీ."

"నీకేం కావాలో చెప్పు. మేడ మీద గదులా? వాటా రాయమంటావా? ఏదో ఒకటి నోరు తెరిచి అడగొచ్చుగా. ఇలా మొహం గంటుపెట్టుకుని కూర్చుంటే నేనేమనుకోవాలి?"

"గదులు నేను కట్టించినవే. నావి నాకు రాసిచ్చేదేమిటి? వాటా వద్దు." ఆమె సంచీలోంచి తెల్లకాగితం, కలం తీసి బల్ల మీద, గలీబుల దొంతర పక్కన పెట్టింది. "ఒక్క మాట రాసివ్వు. మా ఆఫీసుకు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం నీదేననీ, అందులో ఉన్నదంతా అబద్ధమనీ రాసి, కింద సంతకం పెట్టు. ఇప్పుడే మేడ ఎక్కుతాను."

టీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చిన మరదలు వాటిని అక్కడే కిటికీ గట్టు మీద పెట్టేసి వెనక్కి వెళ్లిపోయింది.

"మళ్లీ మొదలా?" అన్నాడు తమ్ముడు. "ఏ ఉత్తరమో, ఎవరు రాశారో! నాకసలు గుర్తు కూడా లేదు."

"నాకు గుర్తుంది. చెప్పమంటావా?"

అతను చెప్పమనలేదు. ఆమె చెప్పింది. పాఠం అప్పజెప్పే పిల్లలా, ఎక్కడా గొంతు పెంచకుండా, విరామాలతో సహా చెప్పింది.

"'అయ్యా, తమ కార్యాలయమున మీటర్ల విభాగమున పనిచేయు ఫలానా స్త్రీ దుకాణదారుల వద్ద ముడుపులు పుచ్చుకుని మీటర్లను నెమ్మదిగా తిప్పించుచున్నది. స్టోర్సులోని గొడుగాయన ఈమెకు తోడుదొంగ. వారిరువురి సంబంధము గురించి వ్రాయుటకు మర్యాద అడ్డు వచ్చుచున్నది. ఇట్లు, తమ శ్రేయోభిలాషి.' ఎనిమిది నెలలు ఉద్యోగం నుంచి ఆపేశారు నన్ను. రోజూ వెళ్లి విచారణ గదిలో కాగితం కాగితానికీ సంతకం పెట్టేదాన్ని. చివరికి ఏమీ లేదని తేల్చి, ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో ఉన్న సబ్‌స్టేషనులో పడేశారు. ఆయన నన్ను పెళ్లాడాలని ఎదురుచూశాడు. రెండేళ్లు. ఆయన ఇంట్లోవాళ్లు మాత్రం ఆగలేదు."

"దానికి నేనేం చెయ్యను? ఊళ్లో నీ మీద కడుపుమంట ఉన్నవాళ్లు ఎంతమంది లేరు!"

"ఊళ్లోవాళ్లకు ఆయన పేరు తెలుసు. హోదా తెలుసు. గొడుగాయన అని తెలియదు." ఆమె చూపు తమ్ముడి మీదనుంచి తల్లి మీదకు జరిగింది. "ఎండైనా వానైనా ఆయన చేతిలో గొడుగుండేదని అమ్మ పెట్టిన పేరది. ఈ నాలుగు గోడలు దాటి ఎప్పుడూ బయటికి పోలేదు."

తల్లి చేతులు ఆగాయి. సగం మడతలో ఉన్న గలీబు అలాగే ఉండిపోయింది.

"ఆ రాత నాది కాదని మీ పెద్ద ఆఫీసరే తేల్చాడు!" తమ్ముడి గొంతు లేచింది. "నన్ను పిలిపించి పది వాక్యాలు రాయించుకున్నాడు. తెలియదా నీకు?"

"ఎడంచేత్తో రాసుంటావు."

"కుడిచేత్తో రాస్తేనే నా చీటీలు చదవలేక ఆసుపత్రివాళ్లు ఫోన్లు చేస్తారు! ఎడంచేత్తో 'తిప్పించుచున్నది, వచ్చుచున్నది' అని రాస్తానా నేను? నేను రాయలేదక్కా. ఒక్క అక్షరం నా చేత్తో రాయలేదు. ఎవరి మీద ఒట్టేయమంటే వాళ్ల మీద ఒట్టేస్తాను. రాయనిదానికి సంతకం ఎలా పెడతాను?"

ఆ మాటల్లో ఏదో నిజం ఉంది. అబద్ధమాడే మనిషి గొంతు అంత ధీమాగా మోగదు. అక్క ఒక క్షణం కళ్లు చిట్లించి అతన్ని చూసింది. ఆ ధీమా ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకు అంతుపట్టలేదు. అంతుపట్టని కొద్దీ కోపం కొత్తగా రాజుకుంది.

కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

"అయితే దరఖాస్తు నకలు తీసుకురా."

"ఎందుకు?"

"నా పేరు మీద ఏం రాసి పంపావో చదవకుండా నేను ఎక్కడా నిలబడను. ఇరవయ్యేడేళ్లుగా అదే శాఖలో కాగితాలు చదువుతున్నదాన్ని."

తమ్ముడు తటపటాయించాడు. గోడ గడియారం వంక చూశాడు. తరువాత బీరువాలోంచి ఆకుపచ్చ అట్ట ఫైలు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఆమె కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదివింది. కనెక్షను సంఖ్య సరిగానే ఉంది. ప్యానెళ్ల వివరం సరిగానే ఉంది. 'యజమానురాలి పూర్తి అంగీకారముతో' అన్నచోట కనుబొమ్మ ఒక్కసారి లేచి దిగింది. ఆఖరి పేజీ తిప్పింది.

అక్కడ ఆమె సంతకం ఉంది.

ఆమె సంతకమే. కానీ ఇప్పటిది కాదు. మొదటి అక్షరానికి పెద్ద గుడి, చివరి అక్షరం కింద వెనక్కి తిరిగి ఒక పొడవాటి తోక. ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎంతో ముచ్చటపడి తయారుచేసుకున్నది. విచారణ జరిగిన ఎనిమిది నెలల్లో, రోజుకు యాభై కాగితాల మీద పెట్టి పెట్టి, ఆ సంతకం అరిగిపోయి రెండు గీతలైంది. అప్పటి నుంచీ ఆమె బ్యాంకులోనూ ఆఫీసులోనూ ఆ రెండు గీతలే గీస్తోంది. ఆ సంగతి తెలియని మనుషులు ఏ పాత రసీదునో ముందు పెట్టుకుని, చనిపోయిన సంతకాన్ని శ్రద్ధగా బతికించారు.

ఆమె ఫైలు మూసింది.

"సరే," అంది. "నిలబడతాను."

తమ్ముడు నమ్మలేనట్టు చూశాడు. "కాగితం...?"

"వద్దులే. నువ్వు ఒట్టేశావుగా."

"చూశావామ్మా? అక్క మనసు వెన్న అని నేను చెప్పలేదూ!"

"ఎప్పుడు చెప్పావురా?" అంది తల్లి. అయినా ఆమె ముఖం తేటపడింది. సగంలో ఆగిన గలీబు మడత పూర్తయింది.

అక్క కిటికీ గట్టు దగ్గరికి వెళ్లి, మరదలు వదిలేసిన టీ గ్లాసు తీసుకుని, చల్లారిన టీని నింపాదిగా చివరి చుక్క వరకు తాగింది. తమ్ముడు ఒక్క ఫోటోయే అనుకుంటున్నాడు. మొన్న తనిఖీ ఆయన ఫోటో దాకా రాకుండానే దిగిపోయాడు కనుక అంతకుమించి అతనికి తెలిసే అవకాశం లేదు. ఫోటో తరువాత వీడియో ఉంటుందనీ, అందులో మూడు ప్రశ్నలుంటాయనీ, మూడోది సంతకం గురించేననీ ఆమెకు తెలుసు. ఆ ప్రశ్నకు ఒకే ఒక్క మాట సమాధానం చెప్పి దిగిపోతుంది. ఆకాశరామన్నకు చేతిరాత లేకపోవచ్చు. దొంగ సంతకానికి చెయ్యి ఉంటుంది.

పదకొండేళ్లలో టీ అంత రుచిగా ఉండటం ఆమెకు జ్ఞాపకం లేదు.

*

తనిఖీ ఆయన నాలుగు నలభైకి వచ్చాడు. యాభై ఏళ్లు దాటిన స్థూలకాయుడు. మెట్లన్నీ ఎక్కేసరికి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగిపోయాడు.

"పొద్దుట్నుంచీ ఇది పన్నెండో మేడ," అన్నాడు, ఊపిరి అందాక. "సూర్యుడిలోంచి కరెంటు వస్తుందో రాదో గానీ, నా మోకాళ్లలోంచి మాత్రం మెరుపులొస్తున్నాయి. ఏరీ, యజమానురాలు?"

"నేనేనండి."

ఆయన ఫోను తెర మీది కార్డు బొమ్మనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. వెనకాల నిలబడిన మరదలి వంక చూసి చిన్నగా దగ్గాడు. "ఈసారి పౌడరు లేదు. నిజమైన తెలుపే."

"వయసు సరిపోయిందా?"

"కార్డు మీదకన్నా ఒక ఐదేళ్లు తక్కువే కనిపిస్తున్నారు మేడమ్. నిలబడండి, అలా, రెండో వరస పక్కన."

పద్నాలుగు ప్యానెళ్లు రెండు వరసల్లో ఒకే కోణంలో తల వాల్చుకుని ఉన్నాయి. ఇదివరకు ఈ మేడ మీద ఈ మూల నుంచి ఆ మూలకు తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేసేవాళ్లు. ఇప్పుడా తాళ్లు లేవు. ఎండను తీగల్లోంచి కిందికి దింపి, డ్రమ్ములో తిప్పి, అవే దుప్పట్లను ఆరబెడుతున్నారు. అక్క ఒక ప్యానెలు చట్రం మీద చెయ్యి వేసి, సెగ తగిలి తీసేసింది.

తల్లి మెట్ల తలుపు దాకా వచ్చి కమ్మీ పట్టుకుని ఆగింది. తమ్ముడు నీళ్లట్యాంకు నీడలో నిలబడ్డాడు. మరదలు అతనికి రెండడుగుల వెనక ఉంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె స్థానం ఆ రెండడుగుల వెనకే.

ఫోటో అయింది.

"అయిపోయిందిగా!" అన్నాడు తమ్ముడు, చేతులు దులుపుకుంటూ. "సార్, కింద కూల్‌డ్రింకు..."

"ఉండండి సార్, ఇంకా ఉంది. వీడియో. మూడు ప్రశ్నలు, అంతే. ఐదు లోపల పంపించాలి, లేకపోతే తెర మూసుకుపోతుంది." ఆయన ఫోను అడ్డంగా పట్టుకున్నాడు. "మొదటిది. ఈ కనెక్షను మీ పేరు మీద ఉన్నదేనా?"

"నాదే."

"రెండోది. ఈ ప్యానెళ్లు ఈ మేడ మీద, మీ కనెక్షనుకే బిగించారా?"

"బిగించారు. నా కళ్ల ముందే ఉన్నాయి."

"మూడోది. ఇది కాస్త పెద్దగా ఉంటుంది, చదువుతాను." ఆయన గొంతు సర్దుకుని ఆఫీసు భాషలోకి దిగాడు. "దరఖాస్తు చివరి పుటలోని సంతకము మీరు స్వయముగా చేసినదేనా? వేరొకరు చేసినట్లు తేలినచో, చేసిన వ్యక్తిపై ఫోర్జరీ నేరము కింద కేసు నమోదు చేయబడును."

అక్క తమ్ముడి వైపు చూసింది.

అతని ముఖంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. ముందు పెదవులు, తరువాత చెంపలు. విచారణ గది బయట బెంచీ మీద కూర్చుని, గోడ మీది పెచ్చులు లెక్కపెట్టుకుంటూ, ఆమె ఊహించుకున్నది ఈ ముఖాన్నే. నోటి చివర సిద్ధంగా ఉన్న ఆ ఒక్క మాటను ఆమె బయటికి వదలలేదు. ఇంకొంచెంసేపు ఆ ముఖాన్ని చూడాలనిపించింది. ఎనిమిది నెలలకు ఎనిమిది క్షణాలైనా.

"మేడమ్?" అన్నాడు తనిఖీ ఆయన. "రికార్డవుతోంది."

కింద నుంచి డ్రమ్ము తిరుగుతున్న ధ్వని లయగా వస్తోంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "అక్కా, చెప్పు."

ఆమె చిన్నగా నవ్వింది.

ఆ నవ్వుతో అతని నిబ్బరం తెగిపోయింది.

"నేను పెట్టలేదు సార్!" నీళ్లట్యాంకు నీడలోంచి ఒక్క గంతులో బయటికి వచ్చాడు. "ఆ సంతకంతో నాకు సంబంధం లేదు. కావాలంటే నా రాత తీసుకోండి, పరీక్ష చేయించుకోండి. ఇదిగో, ఇదే పెట్టింది! కాగితాల పనంతా ఇదే చూసుకుంటుంది, నాకేం తెలియదు!"

అతని వేలు భార్యను చూపిస్తోంది.

అక్క అనుకోని దెబ్బ తగిలినట్టు తడబడింది. ఆమె వేసుకున్న లెక్కలో ఆ వేలు లేదు. ఆ ఒక్క మాట ఇప్పుడు పలికితే ఎవరి మీద పడుతుందో అర్థమై, నోరు తెరవబోయి ఆగిపోయింది.

మరదలు భర్త వేలిని చూసింది. చాలాసేపు, దాని కొన ఎక్కడుందో కొలుస్తున్నట్టు చూసింది. నోట్లో నాలుక లేనిదని అత్తగారు పదిమందిలో మెచ్చుకునే ఆ కోడలు రెండడుగులు ముందుకు వచ్చింది. తరువాత ఇంకో రెండడుగులు వేసింది. ఇప్పుడు ఆమె కెమెరాకు ఎదురుగా, వదినగారి పక్కన ఉంది.

"అవునండి. నేనే పెట్టాను."

"అమ్మా, నేను మిమ్మల్ని అడగలేదు," అన్నాడు తనిఖీ ఆయన, ఇబ్బందిగా.

"ఎవరూ అడగరండి. అందుకే చెబుతున్నాను. పాత రసీదు ఎదురుగా పెట్టి, పది కాగితాల మీద దిద్దించారు ఈ లాండ్రీ సారే. తోక పొడుగు చాల్లేదని ఇంకో పది దిద్దించారు. నా రాత గుండ్రంగా ఉంటుందని ఈయనకు మహా ఇష్టం. పెళ్లయిన మూడో నెల నుంచీ ఇష్టమే."

"లోపలికి పో!" అన్నాడు తమ్ముడు.

"అప్పుడు నాకు ఈ ఇంట్లో ఎవరి గది ఏదో కూడా సరిగ్గా తెలియదు వదినా," మరదలు అక్క వైపు తిరిగింది. "ఆఫీసుకు ఏదో అర్జీ అన్నారు. పక్కన కూర్చుని అక్షరం అక్షరం చెప్పారు. బళ్లో నేర్పినట్టు 'తిప్పించుచున్నది' అనే రాయాలి కాబోలు అనుకుని అలాగే రాశాను. గొడుగాయన అంటే ఎవరండీ అని అడిగాను. 'నీకెందుకు, రాయి' అన్నారు. అది ఎవరి గురించో, మిమ్మల్ని పెట్టెలతో సహా మెట్లు దింపిన రోజున తెలిసింది. మాట్లాడితే నన్నూ దింపేస్తారని మాట్లాడలేదు."

మెట్ల తలుపు దగ్గర తల్లి, "చాల్లే, ఇంక చాల్లే," అని గొణిగింది. ఎవరితో అంటోందో తెలియలేదు.

"అంటే..." అక్క ఆమె వైపు తిరిగింది. "ఆ చేతిరాత..."

"నాదే వదినా. ఉత్తరమూ నాదే, సంతకమూ నాదే. చెప్పినవాడు మాత్రం ఒకడే."

తనిఖీ ఆయన ఫోను కిందికి దించాడు. తెర మీద ఎర్రచుక్క ఇంకా వెలుగుతుండటం చూసి గాభరాగా నొక్కి ఆపాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"చూడండి మేడమ్," అన్నాడు అక్కతో, ఎంతో మెల్లగా. "ఇళ్లలో గొడవలు మా ఫారంలో ఉండవు. నాకు ఒకసారి చెరిపి మళ్లీ తీసుకునే వీలుంది. ఒక్కసారే. మళ్లీ తీస్తే, మీరు ఆ మూడోదానికి ఔనంటే, వీళ్లకు రాయితీ వచ్చేస్తుంది. నేనేమీ వినలేదు. లేదూ ఇదే పంపమంటే, ఇదంతా ఉన్నది ఉన్నట్టు మా పెద్ద ఆఫీసుకు చేరుతుంది. రాయితీ పోతుంది. ఈ అమ్మాయి మీద కేసు కూడా తప్పదు. తొమ్మిది నిమిషాలుంది. కనెక్షను మీది, మీరే చెప్పాలి."

"చెరిపెయ్యమను అక్కా!" తమ్ముడు ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. వంగిన మెడ, తడిసిన చొక్కా. ఇంత దగ్గరగా ఆమె అతన్ని చూసి పదకొండేళ్లయింది. "నువ్వడిగిన కాగితం రాసిస్తాను. ఇప్పుడే, ఇక్కడే. ఉత్తరం నేనే రాయించానని రాస్తాను. సంతకం పెడతాను. కలం ఏది? నీ సంచీలో ఉందిగా, ఇలా ఇవ్వు!"

గంట కిందట ఆమె కోరింది అంతే. అంతకుమించి ఏమీ కోరలేదు. ఇప్పుడు అది చేతికందే దూరంలో ఉంది. అందుకుంటే ఈ గదులూ యంత్రమూ లాండ్రీ అన్నీ అతనివే, అతని వెనక రెండడుగుల దూరంలో మరదలు కూడా మళ్లీ అక్కడే.

ఆమె సంచీ నోటిని గుప్పిట బిగించి పట్టుకుంది.

"పంపించండి వదినా," అంది మరదలు.

"కేసు నీ మీద పడుతుంది. విన్నావా ఆయన చెప్పింది?"

"విన్నాను. నా మీద పడితే నన్నూ విచారణ గదిలో కూర్చోబెడతారు కదా. అక్కడ అడుగుతారు కదా, ఎవరు చెబితే రాశావని. పంపించండి."

ఆ గొంతులో బతిమాలడం లేదు. పశ్చాత్తాపం కూడా లేదు. ఆ వేడి అక్కకు బాగా తెలిసినదే. పదకొండేళ్లుగా తాను ఒంటరిగా మోసుకొచ్చినది ఇప్పుడు మరొకరి నోట వింటోంది.

తలవంచి చూసింది. మరదలి కుడిచెయ్యి తన మోచేతిని పట్టుకుని ఉంది. వేళ్ల చివరలు సబ్బునీళ్లకు నానీ నానీ తెల్లబడ్డాయి. గొడుగాయనను తన జీవితంలోంచి తుడిచేసిన గుండ్రటి అక్షరాలు ఆ వేళ్లలోంచే వచ్చాయి. ఆ చెయ్యి దొరికితే ఏం చేయాలో ఆమె ఎన్నెన్ని విధాలుగా అనుకుంది! ఇలా తనను ఊతగా పట్టుకుంటే ఏం చేయాలన్నది ఎన్నడూ అనుకోలేదు.

"ఏడు నిమిషాలు, మేడమ్."

ఆ పట్టు మరికాస్త బిగిసింది. అక్క విదిలించుకోలేదు. అలాగని ఆ చేతి మీద తన చెయ్యీ వేయలేదు. రెండో చేతిని తనిఖీ ఆయన వైపు చాచింది.

"ఫోను ఇలా ఇవ్వండి," అంది. "నొక్కేది నేనే."